చలికాలంలో చేప ఎక్కడికి పోతుంది? ఎత్తిపోతల నుంచి టెక్సాస్ దాకా

 

వెనకాల హోరు వినిపిస్తోంది కదా, అది ఎత్తిపోతల. మాచర్ల నుంచి సాగర్ వెళ్లే దారిలో, డ్యామ్‌కి ఓ 11 కిలోమీటర్ల ఇవతల ఉన్నాం. చంద్రవంక వాగు 70 అడుగుల పైనుంచి దూకి, కింద మడుగులో పడి, లోయలోంచి పారుకుంటూ వెళ్లి కృష్ణలో కలుస్తుంది. టైమ్ ఉదయం ఎనిమిది దాటింది. స్వెట్టర్ వేసుకున్నా చేతులు చల్లగా ఉన్నాయి.

ఈ రోజు టాపిక్ చలికాలంలో గేలం వేయడం. "అన్నా, నవంబర్ దాకా బాగా పడ్డాయి, డిసెంబర్ రాగానే ఒక్క చేప కూడా ముట్టడం లేదు, చెరువులో చేపలు అయిపోయాయా?" అని చాలామంది అడుగుతుంటారు. అయిపోలేదు తమ్ముడూ, అక్కడే ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో, ఏం చేస్తున్నాయో చెప్తాను.

ఇంకో మాట. నా చేతిలో ఈ రోజు గేలం లేదు, చూశారుగా. ఎందుకు తేలేదో చివర్లో చెప్తా. ఈ ఎపిసోడ్ మొత్తంలో ముఖ్యమైన ముక్క అదే, స్కిప్ చేయొద్దు.

ముందు బాస్ సంగతి

ఫోన్‌లో చలికాలం ఫిషింగ్ అని వెతికితే ముందు వచ్చేవి అమెరికా వీడియోలే. వాటిలో ఎవర్ని చూసినా బాస్, బాస్ అంటుంటారు. ఆ బాస్ అంటే లార్జ్‌మౌత్ బాస్. పేరుకు తగ్గట్టే నోరు చాలా పెద్దది. ఉత్తర అమెరికా మంచినీటి చేప. అక్కడి నుంచి జపాన్, దక్షిణాఫ్రికా లాంటి చోట్లకు మనుషులే తీసుకెళ్లి వదిలారు. ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోల పైనే. 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టాడు. 2009లో జపాన్ బివా సరస్సులో మనాబు కురిటా దాన్ని సమం చేశాడు.

మన కృష్ణలో, మన చెరువుల్లో ఈ చేప లేదు. మన హోటళ్లలో సీబాస్ అని పెట్టేది పండుగప్ప. అది సముద్రం అంచున, ఉప్పు కలిసిన నీళ్లలో పెరిగే చేప. రెండిటికీ పేరు కలిసిందంతే, చుట్టరికం లేదు.

మరి బాస్ వీడియోలు మనకెందుకు? ఎందుకంటే బాస్ లాగే పొంచి ఉండి వేటాడే చేపలు మనకీ ఉన్నాయి. కొర్రమీను ఉంది, వాలుగ ఉంది. బాస్ కోసం చేసిన రబ్బరు కప్ప లూర్‌కి మన కొర్రమీను ఎగబడి కొడుతుంది. టెక్నిక్ చాలావరకు పనికొస్తుంది. కాకపోతే ఆ వీడియోల్లో సగం, చలికి నీళ్లు గడ్డకట్టే ఊళ్లలో తీసినవి. ఆ లెక్కలు పట్టుకొచ్చి రెంటచింతల పక్కన వేస్తే కుదరవు. ఎండాకాలం వస్తే టీవీలో ముందు వినిపించే పేరు రెంటచింతల. అలాంటి వేడి ప్రాంతంలో చలికాలం అంటే వేరే కథ.

గాలిని కాదు, నీటిని చూడండి

ఇక్కడ రాత్రి 15, 16 డిగ్రీలకు పడిందనుకోండి, మనం వణుకుతాం. కానీ సాగర్ నీళ్లు అంత తొందరగా చల్లబడవు. ఒక కిలో గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడికి నాలుగింతలు కావాలి, కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే. చల్లబడేటప్పుడూ అంతే, అంత వేడినీ వదులుకోవాలి. అందుకే నీళ్లు నిదానంగా మారతాయి. తెల్లవారుజామున చెరువు మీద పొగలాగా లేస్తుంది చూశారా? గాలికన్నా నీళ్లు వెచ్చగా ఉన్నాయని దానర్థం. మన దగ్గర పెద్ద జలాశయాల్లో నడి చలికాలంలో కూడా పైనీళ్లు సాధారణంగా 20 డిగ్రీల పైనే ఉంటాయి.

ఇప్పుడు చల్లటి దేశాల్లో ఏం జరుగుతుందో చూద్దాం. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. ఇంకా చల్లబడితే తేలికై పైకొస్తాయి, గడ్డకడతాయి. చేపలన్నీ మంచు కింద, అడుగున ఉన్న ఆ 4 డిగ్రీల నీళ్లలో సర్దుకుంటాయి. మనకి ఆ ముచ్చట లేదు.

మన దగ్గర జరిగేది ఇది. ఎండాకాలంలో లోతైన జలాశయంలో పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర, రెండూ విడివిడిగా ఉంటాయి. కింది పొరకు పైగాలి తగలదు కాబట్టి అక్కడ ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేప లోతుకు పోదామన్నా ఊపిరాడదు. చలికాలం వచ్చేసరికి పై పొర చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. దాంతో నీళ్లు కలిసిపోతాయి, ప్రాణవాయువు కిందిదాకా చేరుతుంది. అంటే ఎండాకాలంలో మూసి ఉన్న కింది అంతస్తుకి చలికాలంలో తాళం తీసినట్టు. చేపకి ఇప్పుడు ఇల్లు పెద్దదైంది. మీరు మాత్రం నవంబర్లో వేసిన చోటే వేస్తున్నారు. చేపలు అయిపోయాయని మీకు అనిపించడానికి సగం కారణం ఇదే.

ఆకలి ఎందుకు తగ్గుతుంది

మిగతా సగం కారణం చేప ఒంట్లో ఉంది. మన ఒంట్లో వేడి ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గరే. చేపకి అలా కాదు, నీళ్ల వేడే దాని ఒంటి వేడి. నీళ్లు 10 డిగ్రీలు తగ్గితే దాని ఒంట్లో జరిగే పనులన్నీ సుమారుగా సగానికో, మూడోవంతుకో తగ్గుతాయి. అరుగుదల నెమ్మదిస్తుంది. నిన్న తిన్నదే ఇంకా అరగకపోతే ఈ రోజు పరిగెత్తి ఎర ఎందుకు తింటుంది?

మన నీళ్లలో అంత తేడా రాదు, నాలుగైదు డిగ్రీలో, ఇంకాస్త ఎక్కువో. కాబట్టి మన చేప నిద్రపోదు. తిండి మానదు. తక్కువ తింటుంది, దగ్గరికి వచ్చినదాన్నే తింటుంది, మధ్యాహ్నం తింటుంది. ఈ మూడూ గుర్తుంటే చాలు.

కొర్రమీను సంగతి ఇంకా బాగుంటుంది. తెలంగాణకి రాష్ట్ర చేప అది. మొప్పలు ఉన్నా అది పైకి వచ్చి గాలి పీల్చుకోవాల్సిందే. ఎండాకాలంలో చెరువు ఒడ్డున నిలబడితే గుబుక్, గుబుక్ అని పైకి రావడం కనిపిస్తుంది. ఆ గుబుక్ చూసే మనం గేలం వేస్తాం. నీళ్లు చల్లబడ్డాక దానికి గాలి అవసరం తగ్గుతుంది, పైకి వచ్చేది తగ్గుతుంది. మనకేమో చెరువు ఖాళీగా కనిపిస్తుంది. చేప ఉంది, గుబుక్ లేదు, అంతే తేడా.

ఎక్కడ వేయాలి

నాగార్జున సాగర్ నీళ్ల కింద ఏముందో ఊహించుకోండి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అంతకుముందు అదంతా ఒక లోయ. నాగార్జునకొండ ఇప్పుడు దీవి అయింది గానీ అప్పుడది నిజంగా కొండే. మునిగిపోయే ముందు ఆ లోయలో తవ్వకాలు జరిపి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని పైకి, అనుపు ఒడ్డుకి తరలించి మళ్లీ కట్టారు. అంటే నీళ్ల కింద కొండ వాలులు ఉన్నాయి, పాత వాగుల దారులు ఉన్నాయి, బండలు ఉన్నాయి.

చలికాలంలో వేట చేపకి కావాల్సింది సరిగ్గా ఇలాంటి వాలు. నాలుగు అడుగుల నీళ్ల పక్కనే ఇరవై అడుగుల లోతు ఉండాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లోతులో ఉంటుంది. ఎండ ఎక్కాక నాలుగు తోకలు ఆడిస్తే పైకి వచ్చేస్తుంది. మళ్లీ సాయంత్రం దిగిపోతుంది. మైళ్ల కొద్దీ తిరగదు, ఒకే మెట్ల మీద ఎక్కి దిగుతుంది.

ఆ మెట్లు ఎలా కనిపెట్టాలి? మీ ఫోన్ చాలు. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. ఎండాకాలానికి బాగా పడిపోతుంది, ఒడ్డు బయటపడుతుంది. మీ ఊరి చెరువైనా అంతే. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లి ఆ ఎండిన ఒడ్డుని ఫొటోలు తీసి పెట్టుకోండి. ఎక్కడ బండ ఉంది, ఎక్కడ పాత వాగు మలుపు ఉంది, ఎక్కడ మొద్దులు ఉన్నాయి, అన్నీ లొకేషన్‌తో సహా. డిసెంబర్లో అదే మీ మ్యాప్.

రెండోది ఎండ. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు. కాబట్టి దక్షిణానికి ముఖం పెట్టిన ఒడ్డుకి ఎక్కువ ఎండ తగులుతుంది. దాని వెనక గట్టో, కొండో ఉంటే ఉత్తరపు చలిగాలి కూడా ఆగుతుంది. నల్లటి బండలు ఉంటే ఇంకా మంచిది, వేడి పట్టి ఉంచుతాయి. పొద్దున ఆరింటికి లేచి వణుక్కుంటూ పోనక్కర్లేదు. నేనూ మొదటి చలికాలం అదే చేశా. తెల్లారక ముందే వెళ్లి పదింటికి ఖాళీ చేతుల్తో తిరిగొచ్చేవాణ్ణి. అసలు టైమ్ నేను ఇంటికి పోయాక మొదలవుతోందని తెలియడానికి నెల పట్టింది. పదకొండు నుంచి నాలుగు దాకా, అదే మన టైమ్.

వాలుగ లాంటివి చీకటిపడ్డాక తిరుగుతాయి, నిజమే. కానీ రాత్రి పూట ఒడ్డు మీదికి పొమ్మని మాత్రం చెప్పను. కారణం కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఎలా వేయాలి

ఒకటే మంత్రం, స్లో. ఎంత స్లో అంటే మీకే విసుగు రావాలి. రబ్బరు కప్ప వేశారనుకోండి, పడిన చోట పది దాకా లెక్కపెట్టండి. ఒక్కసారి కదపండి. మళ్లీ పది. నాచు అంచు మీద, తూటాకు పక్కన ఆపి ఉంచండి. పైన ముట్టకపోతే అడుగున వేసే లూర్‌కి మారండి. సీసం గుండు తేలిక చేసుకోండి, మెల్లగా దిగుతుంది. లూర్ సైజు కూడా ఒక నంబర్ తగ్గించండి.

బొచ్చె, శీలావతి కోసం బెండు కట్టి పిండి వేసేవాళ్లు పిండి తగ్గించండి. ఎండాకాలంలో వేసినట్టు గుప్పెళ్ల కొద్దీ చల్లితే చేప దాంతోనే కడుపు నింపుకుంటుంది, మీ గేలం జోలికి రాదు. చిన్న ఉండ, చిన్న గేలం, లోతుగా. బెండు మునిగిపోయేదాకా చూడొద్దు. చలికాలంలో చేప ముట్టడం కూడా మెత్తగానే ఉంటుంది. బెండు కాస్త పక్కకి జరిగినా లాగి చూడండి.

బతికున్న కప్పని గుచ్చడం మాత్రం వద్దు. మన గోదురుకప్పకి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. రబ్బరు కప్ప ఉండగా ఆ పాపం ఎందుకు?

వాతావరణం కూడా చూసుకోండి. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, మబ్బేసి, కాస్త ఉక్కగా ఉన్న రోజు గేలానికి మంచిదని వేటగాళ్ల అనుభవం. అది వెళ్లిపోయి, ఆకాశం అద్దంలా తేలిపోయి, ఈశాన్యం నుంచి చలిగాలి మొదలైన మొదటి రోజు చాలా కష్టం. ఆ రోజు ఇంట్లో రీల్‌కి నూనె వేసుకోండి. రెండు మూడు రోజులు వరసగా ఎండ కాశాక వెళ్లండి.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకి

డాలస్, హ్యూస్టన్ వైపు మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. మీకు అసలు బాస్ ఇంటి పక్కనే ఉంది. టెక్సాస్ రాష్ట్ర రికార్డు ఎప్పుడు పడిందో తెలుసా? 1992 జనవరి 24. నడి చలికాలం. లేక్ ఫోర్క్‌లో బ్యారీ సెయింట్ క్లెయిర్ పట్టాడు, 18.18 పౌండ్లు, ఎనిమిది కిలోల పైనే. ఆయన వేసింది బాస్ కోసం కూడా కాదు. క్రాపీ అనే చిన్న చేపల కోసం చిన్న ఎరచేప వేశాడు. చూడండి, చిన్న ఎర, చలి నీళ్లు, పెద్ద చేప. ఇందాక చెప్పిందే కదా!

అక్కడ జనవరి నీళ్లు మనకన్నా బాగా చల్లన, కాబట్టి ఇంకా స్లో. ఫ్లోరిడాలో ఉన్నవాళ్లకి లెక్క మారుతుంది. ఆ రాష్ట్రం దక్షిణ భాగంలో బాస్ చలికాలంలోనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, ఒడ్డు దగ్గర లోతు తక్కువ నీళ్లకి వచ్చేస్తుంది. అందుకే ఒకే చేప, ఒకే నెల అయినా, టెక్సాస్‌లో లోతులో, ఫ్లోరిడాలో ఒడ్డున. క్యాలెండర్ కాదు, నీళ్ల వేడి చెప్పినట్టు వింటుంది చేప.

రూల్స్ జాగ్రత్త. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండితే లైసెన్స్ కావాలి. లార్జ్‌మౌత్ బాస్‌కి మామూలుగా రోజుకి ఐదు, 14 అంగుళాలకు తగ్గకూడదు. లేక్ ఫోర్క్‌లో అయితే 16 నుంచి 24 అంగుళాల మధ్య చేపని వదిలేయాలి. రూల్ లేక్ లేక్‌కీ మారుతుంది, వెళ్లే ముందు చూసుకోండి. వీసా మీద ఉన్నవాళ్లు కేసుల దాకా తెచ్చుకోవద్దు.

నా చేతిలో గేలం ఎందుకు లేదు

ఇప్పుడు మళ్లీ ఎత్తిపోతలకి వద్దాం. ఇందాక నేను చెప్పినవన్నీ ఒకసారి కలపండి. ఎండ తగిలే ఒడ్డు, చలిగాలి ఆగే చోటు, వెచ్చటి బండ, పక్కనే లోతు, పదకొండు నుంచి నాలుగు. చేపకి ఇంతకన్నా మంచి చోటు లేదు.

మొసలికీ ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఆ కింద మొసళ్ల పెంపక కేంద్రం ఉంది, చాలామందికి తెలుసు. అవి మగర్ మొసళ్లు. మొసళ్లంటే ఆ కంచె లోపలే ఉంటాయనుకోవద్దు, కృష్ణ నీళ్లలో బయట కూడా ఉన్నాయి. మొసలి ఒంటి వేడి కూడా బయటి వేడిని బట్టే. చలి రాత్రి నీళ్లలో ఉంటుంది, ఎందుకంటే గాలికన్నా నీళ్లు వెచ్చన. ఎండ ఎక్కాక బండ మీదికి వచ్చి పడుకుంటుంది. నోరు తెరుచుకుని కదలకుండా పడుకున్నదాన్ని చూసి నిద్రపోతోందని, చచ్చిపోయిందని అనుకునేవాళ్లున్నారు. అది వేడి సర్దుకుంటోంది, అంతే. ఇంకోటి, మగర్ మొసళ్లు జతకట్టేది చలికాలంలో. ఫిబ్రవరి నుంచి ఒడ్డున గుంత తీసి గుడ్లు పెడతాయి. ఆ టైమ్‌లో తమ చోటుకి ఎవరొచ్చినా ఊరుకోవు.

చేప స్లో అయింది కాబట్టి మొసలి కూడా స్లో అనుకుంటే పొరపాటు. ఎండలో రెండు గంటలు కాగిన మొసలి మీకన్నా ఫాస్ట్. నడుంలోతు నీళ్లలో దిగి, చూపంతా బెండు మీద, చెవిలో ఇయర్‌ఫోన్స్. మీ వెనక ఏముందో ఎవరు చూడాలి?

అందుకే నా రూల్స్ ఇవి. నీళ్లలో దిగను. నీటి అంచుకి కనీసం నాలుగైదు అడుగుల వెనక, కాస్త ఎత్తున నిలబడతా. పట్టిన చేపని నీళ్లలో సంచి కట్టి వేలాడదీయను, ఒడ్డున కడిగి పొట్టలు పారేయను, ఆ వాసనకి ఏదైనా రావచ్చు. చిక్కుకున్న లూర్ కోసం దిగను. వంద రూపాయల లూర్ పోతే పోనీ. ఒంటరిగా పోను, చీకటి పడకముందే వచ్చేస్తా. డ్యామ్ కింద అయితే పవర్‌హౌస్ నడిస్తే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి, అక్కడ బండల మీదికి పోనే పోను.

చట్టం కూడా ఉంది. మొసలికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అన్నిటికన్నా గట్టి రక్షణ. సాగర్ చుట్టూ చాలా అడవి నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలోకి వస్తుంది. అభయారణ్యం హద్దులో అనుమతి లేకుండా గేలం వేయకూడదు. హద్దు బయట కూడా జలాశయంలో చేప ఊరికే పెరగదు. అక్కడ పుట్టి మీద వల వేసి బతికే మత్స్యకారుల కుటుంబాలు ఉన్నాయి. మనకి ఆదివారం సరదా, వాళ్లకి ఆ పూట బియ్యం. ముందు మత్స్యశాఖ వాళ్లని, అక్కడి సంఘం వాళ్లని అడగండి. వాళ్ల వలల దగ్గర మన గేలం వేయొద్దు. వానాకాలంలో చేప గుడ్లు పెట్టే రోజుల్లో వేట ఆపమంటే ఆపండి.

ఎత్తిపోతల మడుగులో గేలం వేస్తూ రీల్ తీస్తే వ్యూస్ వస్తాయని నాకూ తెలుసు. అందుకే ఖాళీ చేతుల్తో వచ్చి చూపిస్తున్నా. ఇక్కడికి చూడ్డానికి రండి. జలపాతం చూడండి, కింద ఎండకి పడుకున్న మొసలిని పైనుంచే చూడండి. అది ఏ బండ ఎంచుకుందో గమనించండి. ఎండ ఎటు, గాలి ఎటు, లోతు ఎటు అన్నది దానికన్నా బాగా మీకెవరూ చెప్పలేరు. ఆ పాఠం నేర్చుకుని గేలం మీ ఊరి చెరువులో, అనుమతి ఉన్నచోట వేయండి.

ఈ చలికాలం ఒక పని చేయండి. వెళ్లిన ప్రతిసారీ ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకోండి. తేదీ, టైమ్, గాలి ఎటు నుంచి, ఎంత లోతులో ముట్టింది. పది సార్లు రాశాక ఎవరి వీడియో అక్కర్లేదు, నా వీడియో కూడా.

ఎండ బాగా ఎక్కింది, నేను స్వెట్టర్ తీసేస్తున్నా. కింద బండ మీదికి కూడా ఒకాయన వచ్చి పడుకున్నాడు, జూమ్ చేసి చూపిస్తా ఉండండి. అదిగో. ఇక్కడి నుంచి చూస్తే చాలు.

మళ్లీ కలుద్దాం ఫ్రెండ్స్. జాగ్రత్త.